తూప్రాన్ అడవిలో నేలకొరిగిన తుర్రేబాజ్ ఖాన్

గొప్పలకు పోయేవాడిని పెద్ద తుర్రంఖాన్ అని ఎగతాళి చేయడం మన పల్లెల్లో మామూలే. ఆ మాట తుర్రేబాజ్ ఖాన్ పేరు నుంచే వచ్చిందంటారు. నిజానికి అతడు గొప్పలు చెప్పుకున్నవాడు కాడు. హైదరాబాదులో ఇంగ్లీషువారి మీదికి దండెత్తి, మన మెతుకుసీమలో ప్రాణం వదిలిన యోధుడు.

ఖాన్‌ది హైదరాబాదు బేగంబజారు. తండ్రి రుస్తుంఖాన్. 1857లో ఉత్తరాదిన సిపాయిల తిరుగుబాటు చెలరేగింది. ఔరంగాబాదు దళంలోని జమేదారు చీదాఖాన్ తిరగబడి, కొందరు అనుచరులతో హైదరాబాదు చేరాడు. నిజాం దివాను సాలార్‌జంగ్ వారిని పట్టి రెసిడెన్సీకి అప్పగించాడు. దీంతో నగరం భగ్గుమంది.

జూలై 17 శుక్రవారం. బందీలను విడిపించాలని మక్కా మసీదులో జనం పట్టుబట్టారు. సాయంకాలానికి దాదాపు 500 మంది రొహిల్లాలు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల వెంట కోఠీలోని రెసిడెన్సీ మీదికి కదిలారు.

అయితే సాలార్‌జంగ్ పంపిన కబురు అప్పటికే రెసిడెంటు డేవిడ్సన్‌కు చేరింది. ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. రొహిల్లాలు పుత్లీబౌలి వద్ద రెండు మేడలు ఎక్కి రాత్రంతా తుపాకులు పేల్చారు. ఫిరంగుల ముందు అవి నిలవలేదు. నిజాం కొలువు వారి పక్షాన రాలేదు. తెల్లవారేసరికి తిరుగుబాటుదారులు చెదిరిపోయారు.

కొద్ది రోజులకే ఖాన్ పట్టుబడ్డాడు. యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. అండమానుకు పంపేలోగా, 1859 జనవరి 18న, చెర నుంచి తప్పించుకున్నాడు. పట్టి ఇచ్చినవారికి 5,000 రూపాయల బహుమానం ప్రకటించారు. ఆ రోజుల్లో అది ఒక కుటుంబాన్ని తరతరాలు నిలబెట్టగల సొమ్ము.

ఆరు రోజులు గడిచాయి. జనవరి 24న తూప్రాన్ సమీపాన అడవిలో తాలూకాదారు కుర్బాన్ అలీబేగ్ మనుషులు ఖాన్‌ను చుట్టుముట్టి చంపారు. శవాన్ని నగరానికి తరలించి, జనం చూసి జడుసుకునేలా వేలాడదీశారు. అల్లావుద్దీన్‌ను అండమానుకు పంపగా, అక్కడే కన్నుమూశాడు.

వీరు పోరాడిన కోఠీలో ఇప్పుడు స్మారక స్తూపం ఉంది. రెసిడెన్సీ భవనం తరువాతి కాలంలో ఆడపిల్లల చదువులకు నెలవైంది. తుర్రంఖాన్ అన్న మాట మాత్రం మన నోళ్లలో ఎగతాళిగానే మిగిలింది. ఫిరంగులకు ఎదురు నిలిచినవాడి పేరు అదని పిల్లలకు చెప్పవలసింది పెద్దలే.