జీవకుడు: కట్టు కట్టడం, కట్టు విప్పడం

రాతి పెచ్చు ఎగిరి కాలు తెగితే ఆ నొప్పి ఎట్లుంటదో మన తాండూరు నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. తథాగతుని పాదానికీ అట్లాంటి దెబ్బే తగిలింది. ఆ గాయానికి కట్టు కట్టిన వైద్యుడు జీవకుడు.

ఆయన పుట్టుక చూడండి. రాజగృహంలో సాలవతి అనే గణిక కన్న బిడ్డ. పుట్టగానే చాటలో పెట్టి చెత్తకుప్ప మీద పారేయించింది. కాకులు మూగడం చూసి అభయ రాజకుమారుడు అడిగితే, బిడ్డ బతికే ఉన్నాడన్నారు. అట్లా జీవకుడనే పేరొచ్చింది. పెద్దయ్యాక తక్షశిలలో 7 ఏళ్లు వైద్యం నేర్చాడు. మందుకు పనికిరాని మొక్క ఏదైనా ఉంటే తెమ్మని గురువు పంపితే, యోజనం దూరం వెతికి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. అదే ఆయన నెగ్గిన పరీక్ష. వారణాసిలో ఒక సెట్టి కొడుక్కి పేగు ముడిపడితే, పొట్ట కోసి, ముడి విప్పి, మళ్లీ కుట్టాడని వినయ పిటకంలో ఉంది.

గృధ్రకూటం మీద నుంచి దేవదత్తుడు బండ దొర్లించినప్పుడు దాని పెచ్చు బుద్ధుని పాదానికి తగిలింది. జీవకుడు ఘాటైన మందు వేసి కట్టు కట్టి, ఇంకో రోగిని చూడటానికి నగరంలోకి పోయాడు. తిరిగొచ్చేసరికి కోట తలుపులు మూసేశారు. వేళకు కట్టు విప్పకపోతే రాత్రంతా మంట పుడుతుందని ఆయనకు ఒకటే దిగులు. ఆ సంగతి గ్రహించిన తథాగతుడు ఆనందుని చేత కట్టు విప్పించుకున్నాడు. ధమ్మపద అట్ఠకథ చెప్పే ముచ్చట ఇది.

కట్టుకు చాలా చరిత్ర ఉంది. 16వ శతాబ్దంలో ఫ్రాన్స్ వైద్యుడు అంబ్రోయిజ్ పారే, కాలు తీసేసిన చోట కాల్చిన ఇనుముతో వాత పెట్టడం మాని, రక్తనాళాలను దారంతో ముడేశాడు. పాము కాటుకు పైన నాలుగు అంగుళాల ఎత్తున కట్టమని సుశ్రుత సంహిత చెప్పింది. వికారాబాద్ చుట్టుపక్కల కంది చేలల్లో ఇప్పటికీ మనోళ్లు తాడుతో బిగించి కడతారు. అయితే రక్తం ఆగి కాలే పోయే ప్రమాదం ఉందని నేటి వైద్యం తేల్చింది. అందుకే బిగించి కట్టొద్దు. కాలు కదలకుండా ఉంచి, నడవనీయకుండా, వెంటనే 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానకు తీసుకుపోవాలి. విరుగుడు ఇంజెక్షన్ అక్కడే దొరుకుతుంది. ఎవరైనా ముందే కట్టేసి ఉంటే మనం తొందరపడి విప్పొద్దు, డాక్టరే విప్పాలి.

పాతదని పట్టుకుని వేలాడకుండా, పరీక్షించి మంచిదైతేనే తీసుకోవడం ధమ్మం. చెత్తకుప్ప మీది బిడ్డ బుద్ధుని వైద్యుడైంది ఆ చూపుతోనే.