సోయిచిరో హోండా

పాతబస్తీలో చార్మినారు చెంత నిలిచినచో హోండా అను పేరుగల మోటారు సైకిళ్ళెన్నియో కానవచ్చును. అది యొక మనుష్యుని పేరు. సోయిచిరో హోండా 1906వ సంవత్సరమున జపాను దేశమున ఒక కమ్మరి యింట జన్మించెను. పదునైదేండ్ల ప్రాయమున టోకియో నగరమునకేగి, మోటారు మరమ్మతుశాలలో పనివాడుగా చేరెను. 1948లో తన పేర కంపెనీని స్థాపించెను.

మోటారుకార్ల పొగలోని విషవాయువులను పదియవ వంతునకు తగ్గింపవలెనని 1970లో అమెరికా ప్రభుత్వము శాసించెను. పెద్ద కంపెనీలను మించుటకు ఇదియే తరుణమని హోండా తలచెను.

పెట్రోలు తక్కువగాను గాలి ఎక్కువగాను ఉన్న మిశ్రమము సులభముగా అంటుకొనదు. కావున ఆయన ఇంజనీర్లు సిలిండరు పైభాగమున ఒక చిన్న గదినమర్చి, అందు పెట్రోలు పాలు హెచ్చించిరి. నిప్పురవ్వ తగిలి అందు పుట్టిన మంట, క్రింది పలుచని మిశ్రమమునకు నెమ్మదిగా వ్యాపించును. ఇంధనము పొదుపగును, విషవాయువులును తగ్గును. 1972లో ఈ యింజను అమెరికా పరీక్షలో నెగ్గెను.

అయితే తాము శ్రమించినది కంపెనీ గెలుపునకు కాదనియు, సమాజ హితమునకనియు యువ ఇంజనీర్లు తెలిపిరి. హోండా నొచ్చుకొనలేదు. తన చూపు వ్యాపారమునకే పరిమితమైనదని గ్రహించెను. 1973లో అధ్యక్ష పదవిని విడిచి, పిన్నవారికి దారినొసగెను. 1991లో ఆయన పరమపదించెను.

పొగలో మునిగిన వీథిని దాటు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఆ యువకుల మాటను స్మరింపదగును.