పూటకూళ్ళమ్మ కొడుకు: టంగుటూరి ప్రకాశం పంతులు

మన క్యాంపుల్లో సెలవు రోజున నలుగురు కూర్చుంటే తరచుగా వచ్చే మాట ఒకటుంది. ఫలానావాడి పిల్లలు బాగుపడ్డారంటే అది వాళ్ళ రక్తంలోనే ఉంది అంటాం. ఎవడైనా చెడితే వాళ్ళ ఇల్లే అంత అంటాం. మనిషి గుణం పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా అన్నది పాత తగువే. దీన్ని తేల్చేయాలని మేము కూర్చోలేదు. ఈ ప్రశ్నను మనసులో పెట్టుకుని ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితాన్ని ఒకసారి చదువుకుందామని మాత్రం అనుకున్నాం.

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. ఇంటిపేరులో ఉన్న టంగుటూరుకి వాళ్ళ పూర్వీకులు కరణాలు. అంటే ఊరి భూముల లెక్కలు, శిస్తు లెక్కలు రాసే వంశం. ప్రకాశం గారికి పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయారు. ఇంట్లో చిన్నపిల్లలు, చేతిలో డబ్బు లేదు.

అప్పుడు సుబ్బమ్మ గారు చేసిన పని మనవాళ్ళందరూ తెలుసుకోవాలి. పిల్లలతో ఒంగోలులో ఉండి పూటకూళ్ళ ఇల్లు నడిపారు. పూటకూళ్ళ ఇల్లంటే ఇవాళ్టి మెస్సులాంటిది, పూటకింత అని డబ్బు తీసుకుని భోజనం పెట్టేది. ఆ రోజుల్లో అన్నం అమ్ముకోవడం చాలా తక్కువ పని. అందులోనూ భర్త పోయిన ఆడమనిషి చేస్తే నలుగురూ నాలుగు రకాలుగా అనేవారు. అననివ్వండి అనుకున్నారు గానీ ఆమె పొయ్యి ఆర్పలేదు.

ఒకసారి పరీక్ష ఫీజుకి మూడు రూపాయలు కావలసి వచ్చింది. చుట్టాల దగ్గర దొరకలేదు. సుబ్బమ్మ గారు తన పట్టుబట్ట తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలు తెచ్చి కొడుకు చేతిలో పెట్టారు. అమ్మ పుస్తెలు కుదువపెట్టి ఏజెంటుకి డబ్బు కట్టి వచ్చినవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఆ మూడు రూపాయల బరువు మనకి ఎవరూ చెప్పనక్కరలేదు.

అమ్మ ఒక్కతే అంతా చేసిందనడం కూడా సరికాదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారని ఒక మాస్టారు ఉండేవారు. కులం వేరు, చుట్టరికం లేదు. పిల్లవాడిలో చురుకు చూసి, చదువు బాగా దొరుకుతుందని తనతో పాటు రాజమండ్రి తీసుకుపోయారు. అక్కడ చదువుతో పాటు నాటకాల పిచ్చి, అల్లరి కూడా పెరిగాయి. ఆ అల్లరి మధ్యనుంచే నలుగురి ముందు జంకకుండా మాట్లాడటం అలవాటైంది.

తరవాత మద్రాసులో లా చదివి రెండో తరగతి ప్లీడరయ్యారు. రాజమండ్రిలో వకీలుగా బాగా సంపాదించారు, మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. కానీ ఆ ప్లీడరు పట్టాతో పై కోర్టుల్లో వాదించే హక్కు లేదు. బారిస్టరు కావాలంటే ఇంగ్లాండు పోవాలి. సముద్రం దాటితే కులం పోతుందనే కాలమది. మాంసం ముట్టను, మందు తాగను, పొగ తాగను అని తల్లికి మాట ఇచ్చి 1904లో ఓడ ఎక్కారు. 1907కల్లా తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో పని మొదలుపెట్టారు. తెల్లవాళ్ళు, తమిళులు ఏలుతున్న ఆ కోర్టులో పేరున్న తెలుగు బారిస్టరుగా నిలబడ్డారు.

అన్నీ ఉన్నవేళ, 1921లో స్వాతంత్ర్య ఉద్యమం కోసం ప్రాక్టీసు వదిలేశారు. స్వరాజ్య అనే పత్రిక పెట్టి, సంపాదించిందంతా అందులో పోశారు. 1928లో సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా మద్రాసులో జరిగిన ప్రదర్శనలో పోలీసు తుపాకి ముందు చొక్కా గుండీలు విప్పి ఛాతీ చూపించి నిలబడ్డారు. ఆంధ్రకేసరి అన్న పేరుకి ఆ సంఘటనే గుర్తుగా నిలిచిపోయింది. తరవాత జైళ్ళు, 1946లో ఉమ్మడి మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి పదవి. ఏడాది దాటీ దాటగానే, 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ప్రకాశం గారికి ఇంటి నుంచి ఏం వచ్చింది? రక్తంలో వస్తుందనే మాటే నిజమైతే, తరాలుగా లెక్కలు రాసిన కరణాల వంశంలో పుట్టినవాడు పైసా పైసా లెక్క చూసుకోవాలి. ఈయన చేసింది దానికి పూర్తిగా ఎదురు. వచ్చిన డబ్బు వచ్చినట్టే పోయింది. అంత సంపాదించిన బారిస్టరు చివరి రోజుల్లో ఆస్తి లేకుండా బతికారు. వంశం లెక్క ఆయన దగ్గర కుదరలేదు.

మరి ఆ ధైర్యం? అది తల్లి దగ్గర చూసి నేర్చుకున్నదే అని మాకు తోస్తుంది. ఊరంతా వేలెత్తి చూపినా సరైన పనిని దాచుకోకుండా చేసే మనిషిని చిన్నప్పటి నుంచీ రోజూ ఇంట్లో చూశాడు. అలాంటి పిల్లవాడికి పెద్దయ్యాక తుపాకి ముందు నిలబడటం కొత్త కాదు. అదే మొండితనం ఒక్కోసారి నష్టం కూడా తెచ్చింది. ఎవరి మాటా వినని తొందర ఆయన చేతిలోని డబ్బునీ, చుట్టూ ఉన్న మిత్రులనీ దూరం చేసింది. ఒకే గుణం ఒకచోట బలమైతే ఇంకోచోట బలహీనత అవుతుంది.

ఇది మనకెందుకు అంటారా? మనలో చాలామంది పిల్లలు అక్కడ అమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో పెరుగుతున్నారు. మనం నెలనెలా పంపే డబ్బు వాళ్ళకి తెలుసు. ఆ డబ్బు ఎలా వస్తుందో మాత్రం మనం చెప్పం. మెస్సులో వంట చేసే తమ్ముడు ఇంటికి ఫోన్ చేసి ఆఫీసు పని అంటాడు. ఇళ్ళల్లో పనిచేసే అక్క షాపులో ఉద్యోగం అంటుంది. అన్నం వండి పెట్టి బతకడం సిగ్గుపడాల్సిన పని కాదని సుబ్బమ్మ గారు నూట నలభై ఏళ్ళ కిందటే చూపించారు. పిల్లలకి మన కష్టం తెలియాలి. భారం అవ్వడానికి కాదు, మనిషి ఎలా నిలబడతాడో తెలియడానికి.

అలాగని ఆయన చేసినదంతా మనం చెయ్యాలని మేము చెప్పం. దేశం కోసం చేతులు ఖాళీ చేసుకోవడం ఆయనకి చెల్లింది. మనం మాత్రం నెలకి కొంతైనా మన పేరున దాచుకోవాలి, కాగితాలు జాగ్రత్త పెట్టుకోవాలి. ఆ ఒక్క విషయంలో ఆయన పూర్వీకులైన కరణాల దారే మనకు మంచిది.

ప్రకాశం గారు 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. ఎనభై నాలుగేళ్ళ వయసులో ఒంగోలు ప్రాంతంలో హరిజనవాడకి వెళ్ళి వడదెబ్బ తగిలి మంచం పట్టారు. ఆయన పేరుతో ఇవాళ ఒక జిల్లా ఉంది, విజయవాడ దగ్గర కృష్ణమ్మ మీద బ్యారేజీ ఉంది. ఈసారి సెలవుకి వెళ్ళి ఆ బ్యారేజీ దాటేటప్పుడు, పక్కన కూర్చున్న పిల్లలకి ఆయన కథతో పాటు వాళ్ళమ్మ పూటకూళ్ళ ఇంటి కథ కూడా చెప్పండి.