వయసు 34... అనుభవం నిల్

రెజ్యూమెలో ‘అనుభవం’ దగ్గరికొచ్చేసరికి మీ చెయ్యి ఆగిపోతోందా? 1924లో న్యూయార్క్‌లో ఒకాయన పరిస్థితీ అదే. వయసు 34. డిగ్రీ లేదు, అప్పటిదాకా ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు. కొత్తగా పెళ్లైంది. భార్య సోనియా టోపీల వ్యాపారం దెబ్బతిని ఇల్లు గడవడం కష్టమైంది. ఆయనే హెచ్‌.పి.లవ్‌క్రాఫ్ట్‌. మీరు చూసే హారర్‌ సినిమాల్లో, ఆడే గేముల్లో చాలావాటికి మూలం ఆయన కథలే.

ఆయన కంపెనీలకు పంపిన దరఖాస్తు చదివితే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. తనకేం వచ్చో చెప్పాల్సిన చోట, ఇన్నేళ్లు ఉద్యోగం ఎందుకు చేయలేదో పొడుగాటి వాక్యాల్లో సంజాయిషీ! బాకీలు వసూలు చేసిపెట్టే ఓ సంస్థలో సేల్స్‌ పని దొరికితే కొద్దిరోజులకే మానేశారు. ఎదుటివాళ్లని ఒప్పించి అమ్మడం ఆయన వల్ల కాలేదు.

మరి ఆ ఖాళీ ఏళ్లలో ఏం చేశారు? ఆయన పుట్టింది 1890లో, రోడ్‌ ఐలాండ్‌లోని ప్రావిడెన్స్‌లో. తండ్రి చిన్నప్పుడే పోయారు. 1904లో తాతయ్యా పోయాక పెద్దిల్లు చేజారింది. ఆరోగ్యం పాడై 1908లో హైస్కూలు చదువు ఆగిపోయింది. బ్రౌన్‌ యూనివర్సిటీ కలగానే మిగిలింది. ఆపైన ఐదేళ్లు దాదాపు ఇంట్లోనే.

బయటికి లాగింది ఓ గొడవ. 1913లో ‘ఆర్గసీ’ పత్రికలో ఒక ప్రేమకథల రచయితని దుమ్మెత్తిపోస్తూ ఉత్తరం రాశారు. అభిమానులు ఊరుకుంటారా? ఆ రచ్చ చూసి, సొంత ఖర్చుతో చిన్న పత్రికలు అచ్చేసి ఒకరికొకరు పోస్టులో పంపుకునే ఔత్సాహికుల సంఘం ఆయన్ని పిలిచింది. 1914లో చేరారు, మరుసటేడు ‘ది కన్జర్వేటివ్‌’ అని సొంత పత్రిక పెట్టారు. రూపాయి రాబడి లేదు. ‘డాగన్‌’ కథ 1919లో మిత్రుడు పాల్‌ కుక్‌ నడిపే ‘వేగ్రెంట్‌’లో ఊరికే అచ్చైంది. అదే కథ 1923లో ‘వియర్డ్‌ టేల్స్‌’ డబ్బులిచ్చి వేసుకుంది.

ఆ పత్రిక యజమాని 1924లో ఆయన్ని ఏకంగా సంపాదకుణ్ని చేద్దామనుకున్నారు. కానీ షికాగో వెళ్లాలి. పాత వీధులు, పాత ఇళ్లంటే ప్రాణమిచ్చే లవ్‌క్రాఫ్ట్‌ వెళ్లలేదు. పత్రిక అప్పుల్లో ఉందన్నమాటా నిజమే. అయినా, ఆ తర్వాత నెలల తరబడి ఉద్యోగం కోసం తిరిగిన మనిషి వదులుకున్న కుర్చీ అది!

1926లో ప్రావిడెన్స్‌ తిరిగొచ్చేశారు. వేరేవాళ్ల రాతప్రతులు దిద్దిపెడుతూ బతికారు. న్యూయార్క్‌లో వలసజనాన్ని చూసి పెంచుకున్న జాతి ద్వేషం ఆయన కథల్లోకీ పాకింది. ఎంత అభిమానమున్నా దాన్ని వెనకేసుకురాలేం.

1933లో న్యూజెర్సీ కుర్రాడు చార్లెస్‌ హార్నిగ్‌ ‘ఫ్యాంటసీ ఫ్యాన్‌’ అనే బుల్లి హారర్‌ పత్రిక మొదలెట్టాడు. లవ్‌క్రాఫ్ట్‌ దానికి కథలతోపాటు, భయానక సాహిత్యం మీద తన పెద్ద వ్యాసాన్నీ ఉచితంగా ఇచ్చారు. మొదటి సంచిక చూసిన ప్రచురణకర్త హ్యూగో గెర్న్స్‌బ్యాక్‌, 17 ఏళ్ల ఆ కుర్రాణ్ని ‘వండర్‌ స్టోరీస్‌’కి మేనేజింగ్‌ ఎడిటర్‌ని చేశారు. రెజ్యూమె అక్కర్లేకపోయింది, పత్రికే సరిపోయింది. లవ్‌క్రాఫ్ట్‌కి మాత్రం 1935లో ‘ఫ్యాంటసీ ఫ్యాన్‌’ మూతపడి వ్యాసం సగంలోనే ఆగిపోయింది.

బతికుండగా చూసుకున్న కథల పుస్తకం ఒక్కటే, 1936లో వచ్చిన ‘షాడో ఓవర్‌ ఇన్స్‌మౌత్‌’. దాన్నిండా అచ్చుతప్పులే. 1937 మార్చి 15న క్యాన్సర్‌తో పోయారు. వయసు 46.

కథలు పట్టుకుని మిత్రులు డెర్లెత్‌, వాండ్రే పెద్ద ప్రచురణకర్తల దగ్గరికెళ్తే ఎవరూ వేయమన్నారు. దాంతో వాళ్లే 1939లో ‘ఆర్ఖామ్‌ హౌస్‌’ పెట్టి మొదటి సంపుటి తెచ్చారు. వేసింది 1,268 కాపీలు. అవి అమ్ముడుపోవడానికే ఏళ్లు పట్టింది.