ఆలస్యం చేయని ఫాదర్ ఫెర్రర్

ప్రార్థనలో కళ్ళు మూసుకొని సరే ప్రభువా అనడం సులభం. లేచి పోయేదే కష్టం. అబ్రాహాము దేవుడు చెప్పిన మరుసటి ఉదయమే బయలుదేరినాడు. యోనా నీనెవెకు పొమ్మంటే తర్షీషు ఓడ ఎక్కినాడు. మన హాస్టల్లో యోనా జట్టే ఎక్కువ అని నా అనుమానం! అబ్రాహాము జట్టు మనిషి ఒకాయన సమాధి మన ధర్మవరం దగ్గర బత్తలపల్లిలోనే ఉంది. ఆయనే విన్సెంట్ ఫెర్రర్. మన పెద్దవాళ్ళకు ఫాదర్ అంటే ఆయనే.

ఆయన 1920 ఏప్రిల్ 9న స్పెయిన్ దేశంలో బార్సిలోనాలో పుట్టినాడు. చిన్న వయసులోనే అక్కడి అంతర్యుద్ధంలో సైనికుడు. ఎబ్రో నది దగ్గర జరిగిన పెద్ద యుద్ధంలో ఉన్నాడు. ఆయన పక్షం ఓడిపోయింది, ఖైదీల శిబిరంలో పెట్టినారు. తర్వాత లా చదువు మొదలుపెట్టినాడు గానీ, పేదలకు సహాయం చేయడమే తన పని అని తోచి, చదువు వదిలేసి 1944లో యేసుసభ అనే గురువుల సంఘంలో చేరిపోయినాడు. 1952లో బొంబాయిలో ఓడ దిగినాడు.

మహారాష్ట్రలో మన్మాడ్ అనే ఊరి చుట్టూ కరువు. ప్రసంగాలు చెప్పుకుంటూ కూర్చోవచ్చు. ఈయన మాత్రం బావులు తవ్వుకోండి అని రైతులను లేపినాడు. తవ్వేవాళ్ళకు గోధుమలు, నూనె ఇచ్చినాడు. అప్పు ఇచ్చినా వడ్డీ లేదు. తిరిగి వచ్చిన డబ్బుతో ఇంకొకరి బావి. ఇది అక్కడి పెద్దమనుషులకు గిట్టలేదు. మతం మార్చడానికి వచ్చినాడని కూడా అన్నారు. 1968లో దేశం వదిలి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. అప్పుడు 30,000 మంది రైతులు మన్మాడ్ నుంచి బొంబాయికి దాదాపు 250 కిలోమీటర్లు నడిచినారు, ఆయన్ను పంపొద్దని. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ గారు కొన్నాళ్ళు సెలవు మీద పోయినట్టు పోయి మళ్ళీ రమ్మని దారి చూపినారు.

1969లో తిరిగి వచ్చినాడు. ఈసారి అనంతపురం. హిందూపురంలో రైలు ఎక్కి పెనుకొండ మీదుగా ధర్మవరం వస్తుంటే కిటికీలోంచి మనం ఏమి చూస్తాము? గుండ్లు, గుట్టలు, ఎండిన వంకలు, చెనక్కాయ చేన్లు. అప్పట్లో ఈ ఊర్లన్నీ అనంతపురం జిల్లానే. ఏడాదికి వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య వానలు తూర్పు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అయిపోతాయి. అట్లాంటి చోటుకు, చేతిలో పెద్దగా ఏమీ లేకుండా, కొద్దిమంది తోటివాళ్ళతో వచ్చినాడు. వాళ్ళు దిగిన ఇంట్లో గోడ మీద ఒక కాగితం ఉందంట. అద్భుతం కోసం కాచుకోమని దాని మీద రాసి ఉంది. ఫాదర్ దాన్ని చూసి, కాచుకోవడం కాదు, మనమే ఎదురుపోదాం అనుకున్నాడు. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. దేవుని మీద నమ్మకం అంటే చేతులు కట్టుకోవడం అని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అదే మనమనే ఆర్డీటీ, అట్లా మొదలైంది. అది మతసంస్థ కాదు.

ఒక విషయం మీద మా గదిలో రెండు రాత్రులు వాదన జరిగింది. 1970లో ఆయన యేసుసభను వదిలిపెట్టి, ఆన్ పెర్రీ అనే ఇంగ్లండు పాత్రికేయురాలిని పెళ్ళి చేసుకున్నాడు. యేసుసభ గురువులు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మొక్కుకుంటారు. మరి మొక్కు వదిలినవాడు దేవునికి లోబడినవాడు ఎట్లా అవుతాడని ఒక మిత్రుడు అడిగినాడు. న్యాయమైన ప్రశ్నే. మొక్కు చిన్నది కాదు. నేను చెప్పింది ఇది: యోనా పని తప్పించుకోవడానికి పోయినాడు, ఈయన పని వదలకుండా ఉండడానికి సంఘాన్ని వదిలినాడు. బార్సిలోనాకు పోయి సుఖంగా ఉండొచ్చు కదా, పోలేదు. ఈ ఎండలో 40 ఏళ్ళు ఉన్నాడు. మిత్రుడు ఇంకా ఒప్పుకోలేదు. వార్డెన్ సార్ ఏమంటారో చూడాలి.

ఆ 40 ఏళ్ళలో ఆర్డీటీ బడులు, చెక్‌డ్యాములు, ఆసుపత్రులు కట్టింది. దళితులు, మన గిరిజనులు, వెనుకబడిన కులాల కోసమే ఎక్కువ పని చేసింది. కట్టిన ఇళ్ళు ఆడవాళ్ళ పేరు మీద రాయించింది. డబ్బు ఎక్కడిది అంటే, స్పెయిన్‌లో మామూలు కుటుంబాలు నెలనెలా ఒక్కొక్క బిడ్డకని పంపినది. 1998లో స్పెయిన్ వాళ్ళు ఆయనకు ఆస్టురియాస్ యువరాజు పేరుతో ఇచ్చే బహుమతి ఇచ్చినారు.

2009 మార్చిలో పక్షవాతం వచ్చింది. జూన్ 19న అనంతపురంలో చనిపోయినాడు. చెనక్కాయ విత్తే కాలం. పల్లెల నుంచి, తండాల నుంచి వేలమంది వచ్చినారు. స్పెయిన్‌కు తీసుకుపోలేదు. బత్తలపల్లి మట్టిలోనే పెట్టినారు.