శ్రీరాముడు తెచ్చిన చెల్లుచీటి

గౌతమీతీరమునందలి భద్రగిరి ఒకప్పుడు మారుమూల అరణ్యప్రదేశము. మేరుపుత్రుడైన భద్రుడు తపమొనర్చి శ్రీరామచంద్రుని తన శిరమున నిలుపుకొనెనని స్థలపురాణము చెప్పుచున్నది. కలియుగమున భద్రిరెడ్డిపాలెమునకు చెందిన పోకల దమ్మక్క స్వప్నమున స్వామి యానతిని పొంది, పుట్టపై గోదావరీజలమును పోసి కరగించి, అందలి మూర్తులను వెలికిదీసెననియు, పందిరి వేసి తాటిపండ్లను నివేదించెననియు అచటి జనులు తరతరములుగా చెప్పుకొందురు.

ఆ పందిరియున్న చోట ఆలయమును నిర్మించినవాడు కంచర్ల గోపన్న. ఖమ్మము సీమయందలి నేలకొండపల్లిలో 17వ శతాబ్దమున లింగన్న, కామాంబ దంపతులకు జన్మించెను. 1672లో గోలకొండ సింహాసనమెక్కిన అబుల్ హసన్ తానీషా కొలువున మంత్రిపదవులలోనున్న అక్కన్న మాదన్నలు ఈయనకు మేనమామలని ప్రసిద్ధి. గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారై, వసూలైన శిస్తునుండి ఆరు లక్షల వరహాలను ఆలయమునకును, స్వామి యాభరణములకును వెచ్చించెనందురు.

ధర్మసంకటమిచ్చటనే కలదు. ధనము రైతులు చెల్లించినది, చేరవలసినది ప్రభువు బొక్కసమునకు, వ్యయమైనది దైవకార్యమునకు. కార్యము పుణ్యమైనంత మాత్రమున ఋణము తీరిపోదు. తానీషా ఆయనను గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు బంధించెను. ఆ చెరయందే గోపన్న రామదాసుగా కీర్తనలు పాడెను. ఒక కీర్తనలో సీతమ్మకు చేయించిన చింతాకు పతకమును, భరతునికి చేయించిన పచ్చల పతకమును పేర్కొని, వాని వ్యయమును లెక్కగట్టి రాముని నిలదీసెను; పిదప బాధ కోర్వజాలక నిందించితినని క్షమాపణ వేడెను. భక్తి పరవశత్వమునను ఆయన లెక్క మరువలేదు.

కడకు రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను పేరులతో నడిరేయి తానీషా శయనాగారమున బ్రవేశించి, ఆరు లక్షలును చెల్లించి, చెల్లుచీటి వ్రాయించుకొని, నిద్రించుచున్న రామదాసు తలగడక్రింద నుంచిరని ఐతిహ్యము. సంకెలలను త్రెంచుటయో, కోటను కూల్చుటయో స్వామికి కష్టమా? అయినను మన పెద్దలు కథను అట్లు చెప్పలేదు. భక్తుని ఋణమును భగవంతుడే చిల్లిగవ్వ తగ్గకుండ తీర్చి, దానికి చీటి గైకొనెననిరి. రాజుసొమ్ము రాజునకు చేరిన పిమ్మటనే దాసునకు విముక్తి. దేవాలయ ధనమును, ప్రజాధనమును చేపట్టు ప్రతివాడును మననము చేయవలసిన నీతి యిది.

గోలకొండ రాజ్యము 1687లో అస్తమించెను. తానీషా నాటిదని చెప్పెడి ముత్యాల తలంబ్రాల సంప్రదాయము మాత్రము నిలిచినది. శ్రీరామనవమినాడు ప్రభుత్వ పక్షమున అవి నేటికిని భద్రాద్రికి చేరుచున్నవి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు వాసులకు భద్రాద్రి దూరమైనను గోలకొండ చేరువయే. ఆ కోటలోని రామదాసు చెరసాల గోడపై ఆయన మలచినవని చెప్పెడి మూర్తులను దర్శించు భక్తులు, కీర్తనలతోపాటు ఆ చెల్లుచీటిని గూడ స్మరింతురు గాక.