ముందుగా చూచినవాని భారము

1849లో నెల్లూరు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ లైమన్ జూయెట్, 1854 జనవరి 1న వేకువనే భార్యతోను కొందరు తెలుగు విశ్వాసులతోను ఒంగోలు కొండపై మోకరించి, ఆ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని దేవుని వేడుకొనెను. రానున్న కోతను ఆయన విశ్వాసముతో చూచెను. లోకమునకు బీడు మాత్రమే కనబడెను.

1862లో జబ్బుతో స్వదేశము చేరిన ఆయనకు, ఫలము లేని ఈ మిషనును మూసివేయవలెనను ఆలోచన ఎదురయ్యెను. తాను చూచినదాని కొరకు ఇతరుల ధనమును ప్రాణములను అడుగుట న్యాయమా? ఎవరు తోడు రాకున్నను తానే తిరిగి వెళ్లి తెలుగువారి మధ్య మరణింతునని ఆయన తెలిపెను.

1864లో ఆయనతో బయలుదేరిన జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురముండెను. కొండమీది ప్రార్థనకు 24 సంవత్సరముల తరువాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ముందుగా చూచినవాడు దాని వెలను మొదట తానే చెల్లింపవలెను.